కణత గుంట పడితే కారణం ఎముకేనా? పుర్రె ఆపరేషన్ తర్వాత మొహం మారడం గురించి

పుర్రె తెరిచి చేసే ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి, మొహం రెండు వైపులా ఒకేలా లేదేంటి అని అడిగినవాళ్ళకి మామూలుగా దొరికే జవాబులు రెండే. ఒకటి, "అది వాపండీ, తగ్గిపోతుంది." రెండోది, "ప్రాణం దక్కింది కదా, ఇప్పుడు మొహం గురించి ఎందుకు?" మొదటిది కొన్ని వారాల వరకూ నిజమే. రెండోది అసలు జవాబే కాదు. మొహం ఆకారం మారడానికి కారణాలుంటాయి, చర్మం నుంచి ఎముక దాకా ఒక్కో పొరలో ఒక్కో కారణం, చాలాసార్లు అది ఎముక కానే కాదు, ఏ పొరలో ఏం తగ్గిందో తేల్చుకోకుండా చేయించుకునే వైద్యం డబ్బు దండగ, ఒక్కోసారి ప్రమాదం కూడా. ఇది ఆపరేషన్ తర్వాత ఎవరికి వాళ్ళు వెతుక్కోవాల్సిన సంగతి కాదు, ముందే చెప్పాల్సిన సంగతి. నా వాదన మొత్తం ఇంతే, మిగతాదంతా ఎందుకు అలా అంటున్నానో చెప్పడమే.

నాకు కంటి వెనక, కణత లోపలి వైపు ఎముకని ఆనుకుని పెరిగిన మెనింజియోమా, అంటే మెదడు పైపొర నుంచి పుట్టే గడ్డ, తీశారు. క్యాన్సర్ కాదు, గడ్డ మొత్తం వచ్చేసింది, చూపు నిలబడింది. ఆపరేషన్ చేసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం, అందులో మార్పేమీ లేదు. కానీ డిశ్చార్జ్ కాగితాల్లో ఫిట్స్ రాకుండా వేసుకునే మాత్రలున్నాయి, కుట్లు ఎప్పుడు విప్పాలో ఉంది, తలస్నానం ఎప్పుడు చేయొచ్చో ఉంది, కణత లోపలికి పోవచ్చని గానీ కొన్నాళ్ళు నోరు పూర్తిగా తెరుచుకోదని గానీ ఒక్క లైన్ లేదు. ఆ లైన్ ఉంటే నాకు పోయేదేమీ లేదు, ఉండుంటే మాత్రం ఎన్నో రాత్రులు లోపల ఎముక విరిగిందేమో అని భయపడేదాన్ని కాదు.

ముందు వాపు సంగతి చూద్దాం, అది తేలిగ్గా అయిపోతుంది. తల ముందు భాగం, పక్క భాగం తెరిస్తే ఆ వైపు కన్ను ఉబ్బి మూసుకుపోవడం మామూలే. రెండో మూడో రోజుకి బాగా ఎక్కువై తర్వాత తగ్గడం మొదలవుతుంది, రక్తం కమిలిన నలుపు కంటి చుట్టూ మొదలై చెంప మీదకి జారుతుంది, అది చూసి కొత్తగా ఏదో అయిందని కంగారు పడక్కర్లేదు, పైన ఉన్నది కిందకి దిగుతోంది అంతే. ఒకటి రెండు వారాల్లో చాలావరకు పోతుంది. దీని పక్కనే ఇంకోటి నడుస్తూ ఉంటుంది, డెక్సామెథసోన్. మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే ఈ స్టెరాయిడ్ కొన్ని వారాలు వాడితే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. డోసు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశాక మొహం తన సైజుకి వస్తుంది, సరిగ్గా అప్పుడే, అప్పటిదాకా వాపు కింద దాక్కున్న గుంట బయటపడుతుంది. అందుకే చాలామంది "రెండు నెలల దాకా బాగానే ఉందండీ, తర్వాత ఒక్కసారిగా లోపలికి పోయింది" అంటారు. ఒక్కసారిగా పోలేదు. కండరం చిక్కిపోవడానికి నెలలు పడుతుంది, పైన వాపు తగ్గడం, కింద కండరం తగ్గడం ఒకేసారి జరుగుతుంటే మధ్యలో కొన్ని వారాలు మొహం మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య గుంట పెరుగుతున్నట్టు అనిపించడం, ఏడాది లోపు ఒక దగ్గర ఆగడం, ఎక్కువమందిలో నడిచే దారి ఇది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కణత మీద వేలు పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి, వేలి కింద ఒకటి ఉబ్బుతుంది. అదే టెంపొరాలిస్ కండరం. పుర్రె పక్క గోడ మీద విసనకర్రలా పరుచుకుని, కిందకి వస్తూ ఇరుకై, చెంప ఎముక కమాను కింద నుంచి దూరి దవడ ఎముకకి అతుక్కుంటుంది. మనం కణత అని చూసే నిండుతనం ఎక్కువగా ఈ కండరం, దాని పైన పొరల మధ్య ఉండే కొవ్వు, ఈ రెండిటి వల్లే. కింద ఉండే ఎముక అక్కడ నిజానికి కొంచెం లోపలికే ఉంటుంది. అంటే ఎముక మిల్లీమీటర్ కదలకుండా తిరిగి పెట్టినా కండరమో కొవ్వో తగ్గితే గుంట పడుతుంది. ఈ ఒక్క మాట అర్థమైతే సగం భయం పోతుంది.

మెదడులో రక్తనాళం ఉబ్బుకైనా, నాలాంటి గడ్డకైనా సర్జన్లు ఎక్కువగా వాడే దారి టెరియోనల్ క్రేనియోటమీ. చెవి ముందు మొదలుపెట్టి జుట్టు అంచు వెనకగా నుదుటి మధ్య వైపు వంపుగా కోసి, చర్మాన్ని ముందుకి మడిచి, ఈ కండరాన్ని ఎముక మీద నుంచి లేపి కిందకి లాగి పట్టుకుని, అప్పుడు ఎముక ముక్క కోస్తారు. మైక్రోస్కోప్ తో చేసే మెదడు సర్జరీకి ఈ దారిని ఒక పద్ధతిలో పెట్టి ప్రపంచమంతా అలవాటు చేసినాయన టర్కీలో పుట్టి జ్యూరిక్ లో పనిచేసిన గాజీ యాషర్గిల్. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేని దారి అది. కానీ కండరం వైపు నుంచి చూస్తే చాలా పెద్ద దెబ్బే. ఎందుకంటే దాని నరాలూ, ముఖ్యమైన రక్తనాళాలూ పై నుంచి రావు, లోపలి వైపు నుంచి, ఎముకకి దగ్గరగా వస్తాయి. ఎముక మీద నుంచి కండరాన్ని లేపేటప్పుడు దెబ్బ తగిలేది సరిగ్గా ఆ వైపే. కరెంటుతో కాల్చి కోసే పరికరం వాడితే ఆ వేడి నరాలకి తగులుతుంది. తర్వాత గంటల తరబడి హుక్కులతో లాగి పట్టి ఉంచితే రక్తం సరిగ్గా అందదు. చివర్లో తిరిగి కుట్టేటప్పుడు పాత బిగువుతో, పాత చోటే అతకకపోతే కండరం కిందకి జారి ముడుచుకుపోతుంది, అప్పుడు కణత దగ్గర గుంట, దాని కింద చెంప ఎముక దగ్గర చిన్న ఉబ్బు, రెండూ కలిసి కనిపిస్తాయి. నరం పోతే కండరం చిక్కుతుంది, రక్తం తగ్గినా చిక్కుతుంది, బిగువు లేకపోయినా చిక్కుతుంది, నొప్పని ఆ వైపు నమలడం మానేస్తే ఇంకా చిక్కుతుంది. ఒక మనిషిలో వీటిలో ఏది ఎంత అని విడదీయడం కష్టం, చాలాసార్లు అన్నీ తలా కొంచెం ఉంటాయి.

సర్జన్లకి ఇది తెలీదనుకోకండి. 1990లో స్పెట్జ్లర్, లీ అనే ఇద్దరు, కండరం పై అంచున ఒక సన్నని పట్టీని ఎముక మీదే వదిలేసి చివర్లో మిగతా కండరాన్ని ఆ పట్టీకే కుట్టే పద్ధతి రాశారు. 1996లో జపాన్ నుంచి ఒయికావా బృందం, కండరాన్ని పై నుంచి కిందకి కాకుండా కింద నుంచి పైకి, కాల్చకుండా మొండి పరికరంతో, ఎముక పైపొరతో కలిపి లేపితే నరాలూ రక్తనాళాలూ బాగా మిగులుతాయని రాశారు. కండరాన్ని తక్కువ విప్పే చిన్న దారులూ ఉన్నాయి, కనుబొమ్మ దగ్గర చిన్న కోతతో వెళ్ళేది ఒకటి, మినీ టెరియోనల్ అనేది ఇంకోటి. అన్ని గడ్డలకీ ఇవి కుదరవు, లోతుగా, పెద్దగా ఉంటే చోటు కావాలి, రక్తస్రావం అయితే ఇంకా కావాలి. చిన్న కోత పట్టుబట్టి అడగమని నేను అనను. అడగాల్సింది, నా కండరాన్ని ఎలా లేపుతారు, తిరిగి ఎలా కడతారు అని. ఆ ప్రశ్నకి చిరాకు పడని సర్జన్ ఆ సంగతి ఆలోచించి ఉంటారని నా నమ్మకం.

కొవ్వు విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎవరూ మాట్లాడనిది కూడా ఇదే. కణత దగ్గర కండరం మీద గట్టి పొర ఒకటుంది, కిందకి వచ్చేసరికి అది రెండుగా చీలుతుంది, ఆ చీలిక మధ్య కొవ్వు ఉంటుంది. ఆ పై పొర మీదుగా కనుబొమ్మని పైకెత్తే ముఖ నరపు కొమ్మ పోతుంది. చర్మాన్ని ముందుకి మడిచేటప్పుడు ఆ నరం తెగకూడదు, తెగితే ఆ వైపు నుదురు ముడత పడదు, కనుబొమ్మ జారుతుంది. అందుకని 1987లో యాషర్గిల్ బృందం, ఆ పొరల మధ్యకి దిగి పై పొరనీ నరాన్నీ కలిపి చర్మంతో పాటే ముందుకి తిప్పే పద్ధతి రాసింది. నరం కాపాడబడుతుంది, కానీ దారి కొవ్వు లోంచే వెళ్తుంది, ఆ కొవ్వుకి రక్తం తెచ్చే చిన్న నాళం కూడా అక్కడే ఉంటుంది. కొవ్వు కరిగితే కంటి బయటి మూలకీ చెవికీ మధ్య పల్లం పడుతుంది, కండరం చక్కగా ఉన్నా సరే. ఇలాంటి చోట ఎవరి తప్పూ లేదు. కనుబొమ్మా, కణతా, రెండిట్లో ఏదో ఒకదానికి ముప్పు ఒప్పుకోవాల్సి వస్తే నేనైతే కనుబొమ్మనే కాపాడమంటా. కానీ అలాంటి ఎంపిక ఒకటి జరుగుతోందని పేషెంట్ కి తెలియాలి కదా.

కనుబొమ్మ జారడాన్ని, కణత గుంటని కలిపి చూడకండి, రెండూ వేరు. అద్దం ముందు ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టి చూడండి, ఒక వైపు నుదుటి మీద గీతలు పడకపోతే అది నరం సంగతి. నరం తెగకుండా సాగడం వల్లో వాపు వల్లో మొద్దుబారితే కొన్ని వారాల నుంచి నెలల్లో తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. చెవి వెనక నుంచి వెళ్ళి వినికిడి నరం మీద గడ్డ తీసే ఆపరేషన్లలో ముఖ నరం మొత్తానికే దెబ్బ తగలొచ్చు, అప్పుడు సగం మొహం వాలిపోతుంది, దాన్ని హౌస్ బ్రాక్మన్ అని 1985లో వచ్చిన ఆరు మెట్ల స్కేలు మీద కొలుస్తారు. అక్కడ అందం కంటే ముందు కన్ను, రెప్ప పూర్తిగా మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది, చుక్కల మందు, రాత్రి కంటికి కప్పడం వాయిదా వేయకూడదు.

దవడ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మొహం ఆకారం గురించి అడిగేవాళ్ళలో చాలామందికి ఇదీ ఉంటుంది, కానీ సంబంధం ఉందని తెలీక పళ్ళ డాక్టర్ దగ్గరకి పోతారు. కణత కండరం నోరు మూసే కండరం. అది మానేటప్పుడు బిగుసుకుపోతే నోరు తెరుచుకోదు, ఆవలిస్తే లాగుతుంది, గట్టివి నమిలితే నొప్పి. మన మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పడితే తెరుచుకోవడం మామూలుగా ఉన్నట్టు, ఒకటిన్నర వేలే పడుతుంటే సర్జన్ కి చెప్పి ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. రోజూ కొంచెం కొంచెం తెరిచే వ్యాయామాలతో నెలల్లో బాగా మెరుగవుతుంది. నొప్పని కదపకుండా ఉంచితే బిగుసుకుపోవడం ఎక్కువవుతుంది, నమలడం తగ్గి కండరం ఇంకా చిక్కుతుంది. గుంట పూర్తిగా పూడకపోయినా తినడం మామూలైతే మనిషికి ఎంత ధైర్యమొస్తుందో నాకు తెలుసు.

ఎముక వల్ల వచ్చే మార్పులు లేవని కాదు. ఎముక కోయడానికి ముందు వేసే రంధ్రాలు సెంటీమీటర్ పైనే ఉంటాయి, వాటిని చిన్న లోహపు ప్లేటుతోనో ఎముక ఖాళీలు పూడ్చే సిమెంటుతోనో మూయకపోతే నుదుటి మీద, జుట్టు పల్చగా ఉన్న చోట వేలి ముద్ర వేసినట్టు చిన్న సొట్టలు కనిపిస్తాయి. రంపం తినేసినంత ఖాళీ ముక్క చుట్టూ ఉంటుంది, సరిగ్గా బిగించకపోతే ముక్క ఆ మేరకి లోపలికి దిగుతుంది. నా ఆపరేషన్ లాంటివాటిలో కంటి వెనక ఎముకని కావాలనే అరగదీస్తారు, గడ్డ ఆ ఎముకలోకి పాకి దాన్ని మందం చేస్తుంది కాబట్టి. మెనింజియోమా వల్ల ముందుకి పొడుచుకొచ్చిన కన్ను ఆ తర్వాత వెనక్కి పోవడం మంచి మార్పే, కానీ కొందరికి ఆ కన్ను లోపలికి పోయినట్టు అనిపిస్తుంది, రెండో కంటితో పోల్చి కొలిచి చూడాలి.

మెదడు వాపుకి చోటివ్వడానికి ఎముకని పూర్తిగా తీసి కొన్నాళ్ళు అలాగే ఉంచే ఆపరేషన్ వేరే కథ. అక్కడ చర్మం కింద ఎముకే లేదు. వాపు తగ్గాక ఆ చోటు లోపలికి దిగడం సహజం, కానీ బాగా దిగిపోయి, లేచి కూర్చుంటే తలనొప్పి, తిరుగుడు, చేయి కాలు బలహీనం, మాట తడబడటం వస్తే అది అందానికి సంబంధించిన విషయం కాదు, మెదడు మీద బయటి గాలి ఒత్తిడి పడటం వల్ల కావచ్చు. 1939లోనే గ్రాంట్, నార్క్రాస్ దీన్ని ఒక జబ్బుగా వర్ణించారు, ఎముక తిరిగి పెడితే చాలామందిలో మెరుగవుతుంది. పుర్రె ఆకారం సరిచేయడం అంటే అందం కోసం అని కొట్టిపారేసేవాళ్ళకి నేను మొదట చెప్పేది దీని గురించే. తీసి దాచిన సొంత ఎముకే తిరిగి పెడితే కొందరిలో అది నెలలు, ఏళ్ళ మీద కరిగిపోతుంది, పిల్లల్లో ఇది ఎక్కువ. బాగా అతుక్కున్న ఎముక మళ్ళీ వదులైనట్టు, అంచులు చేతికి తగులుతున్నట్టు ఉంటే సీటీ తీయాలి. ఇక్కడో చిత్రం ఉంది. టైటానియంతోనో పీక్ అనే ప్లాస్టిక్ తోనో కంప్యూటర్లో కొలిచి రెండో వైపుకి అచ్చంగా సరిపోయేలా చేసిన ముక్క పెట్టించుకున్నాక కూడా గుంట అలాగే ఉందని బాధపడేవాళ్ళున్నారు. ముక్క తప్పు కాదు. ఎముక లెక్క సరిపోయింది, దాని మీద ఉండాల్సిన కండరమూ కొవ్వూ తగ్గిపోయాయి, ఆ లెక్క ఎవరూ వేయలేదు. ముందే వేస్తే ఆ చోట ముక్కని కావాలనే కొంచెం మందంగా చేయించవచ్చు.

మిగతా కారణాలు త్వరగా చెప్పేస్తా. రేడియేషన్ పడిన చోట కొవ్వూ కండరమూ నెమ్మదిగా పల్చబడతాయి, పిల్లల్లో అయితే ఆ వైపు ఎముక ఎదుగుదల కూడా తగ్గుతుంది. జబ్బుతో బరువు తగ్గితే రెండు కణతలూ లోపలికి పోతాయి, ఆపరేషన్ వైపు ఎక్కువ కనిపిస్తుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో వచ్చిన గడ్డకి ముక్కు లోంచి వెళ్ళే ఆపరేషన్ లో పుర్రె పైన కోతే ఉండదు, అయినా మొహం మారుతుంది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైన వాళ్ళలో పెదాలు, ముక్కు, చర్మం ఉబ్బు తగ్గుతుంది, పెరిగిన దవడ ఎముక మాత్రం వెనక్కి రాదు. నుదుటి సైనస్ తెరుచుకున్న ఆపరేషన్లలో ఏళ్ళ తర్వాత అక్కడ జిగురు నిండి కన్ను పక్కకి నెట్టబడటం అరుదుగా జరుగుతుంది, పాత ఆపరేషన్ కదా అని దాన్ని పట్టించుకోకుండా ఉండకూడదు.

ఇంకా, ఆగకుండా హాస్పిటల్ కి పోవాల్సినవి. మెత్తగా ఊగుతూ పెరుగుతున్న ఉబ్బు, కుట్ల లోంచో ముక్కు లోంచో నీళ్ళలాంటిది కారడం, ఎర్రగా వేడిగా ఉండి జ్వరం రావడం, చర్మం పల్చబడి ప్లేటు కనిపించడం. ఇవి ఆకారం మార్పులు కావు, లోపల లీకో ఇన్ఫెక్షనో ఉన్న గుర్తులు.

ముందే చెప్తే పేషెంట్ భయపడి ఆపరేషన్ వద్దంటారేమో అని ఒక డాక్టర్ నాతో అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. పక్షవాతం రావచ్చు, చూపు పోవచ్చు, ప్రాణం పోవచ్చు అని రాసిన కాగితం మీద సంతకం పెట్టిన మనిషి, కణత కొంచెం లోపలికి పోతుందంటే పారిపోతారా? తల పగిలి రక్తం కారుతూ వచ్చిన మనిషికి చెప్పే టైం ఉండదు, అది అర్థమవుతుంది, అప్పుడు డిశ్చార్జ్ లో చెప్పొచ్చు. మొహం గురించి అడిగితే కృతజ్ఞత లేనట్టు చూడటం ఇంకా అన్యాయం. నేను పని మొదలుపెట్టాక జనం మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి కాకుండా కణత వైపు చూసేవాళ్ళు, ఫోటో అంటే ఆ వైపు తిప్పుకునేదాన్ని. బతికినందుకు సంతోషం ఉంటుంది, మొహం గురించి బాధా ఉంటుంది, రెండూ ఒకే మనిషికి ఒకే రోజున ఉంటాయి.

చేయించుకోదలిస్తే ముందు ఏం తగ్గిందో తేల్చమని అడగండి. కొత్త స్కాన్ కూడా అక్కర్లేకపోవచ్చు, గడ్డ మళ్ళీ వచ్చిందేమో చూడటానికి తీసే ఎంఆర్ఐ లోనే రెండు వైపుల కండరం మందం కనిపిస్తుంది, రిపోర్ట్ లో రాయరు ఎందుకంటే ఎవరూ అడగలేదు. మార్పు ఆగిందో లేదో తెలుసుకోవడానికి ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, వేరే వాళ్ళ చేత నెలకోసారి ఫోటో తీయించుకుంటే చాలు, సెల్ఫీలు వద్దు, ముందు కెమెరా చాలా ఫోన్లలో మొహాన్ని అద్దంలోలా కుడి ఎడమలు మార్చి చూపిస్తుంది. ఆకారం ఒక దగ్గర ఆగాక, మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత, దారులు కొన్ని ఉన్నాయి. సొంత కొవ్వు తీసి ఎక్కించడం, ఇందులో కొంత భాగం మొదటి నెలల్లో కరుగుతుంది, రెండోసారి అవసరం పడొచ్చు. కండరం జారి ఉంటే తిరిగి పైకి కట్టడం. ఎముక లోటైతే సిమెంటు లేదా కొలిచి చేసిన ముక్క. ఇంకోటి ఫిల్లర్ ఇంజెక్షన్, అంటే గుంట నింపడానికి చర్మం కింద ఎక్కించే జెల్ లాంటిది, తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి దీని గురించే గట్టిగా చెప్తున్నా, బ్యూటీ క్లినిక్ లో ఆపరేషన్ సంగతి దాచి చేయించుకోకండి. కణత దగ్గరి ధమనికి కంటి రక్తనాళాలతో కలిసే దారులున్నాయి, ఫిల్లర్ అందులోకి పోతే చూపు పోవచ్చు, పైగా మనకి అక్కడ పొరలు మామూలు చోట ఉండవు, కింద ఎముకలో ఖాళీలుంటాయి. చేసే మనిషి మన ఆపరేషన్ నోట్సూ సీటీ చూసి ఉండాలి.

నా స్కాన్ లో ఎముక సరిగ్గానే ఉంది, కండరం రెండో వైపు కంటే బాగా పల్చబడింది, పైన కొవ్వు దాదాపు లేదు. అందుకే సిమెంటు అన్న సలహా పక్కన పెట్టి కొవ్వు ఎక్కించే దారి గురించి ప్లాస్టిక్ సర్జన్ తో మాట్లాడుతున్నా, తర్వాతి ఎంఆర్ఐ లో గడ్డ లేదని తేలాకే డేట్ తీసుకుంటా, ఎందుకంటే ఎక్కించిన కొవ్వు కొన్నాళ్ళు స్కాన్ లో కొత్తగా కనిపిస్తుంది, దాన్ని చూసేవాళ్ళకి అది ఏంటో ముందే తెలిసి ఉండాలి.